జలచక్రం ఆటలో పరుగు కంటే ఆగడమే ముఖ్యం

టీచర్ గారూ, మీ ప్రశ్న చదువుతుంటే నా సర్వీసు మొదటి రోజులు గుర్తొచ్చాయి. ఐదో తరగతి, 42 మంది పిల్లలు, ఒక పీరియడ్, బయట ఖాళీ గ్రౌండ్. బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం అని చార్టు చూసి గడగడా అప్పజెబుతున్నారు. "మరి మన బోరులో నీళ్లు ఎక్కడివి?" అంటే మాత్రం బిక్కమొహం వేస్తున్నారు. పిల్లలే నీటి చుక్కలై తిరిగే ఆట ఆడిద్దామనుకుంటే, మీరు వీడియోలో చూసిన పాచికల ఆటలో హిమానీనదం కూడా ఉంది. అది మన పిల్లలకు అవసరమా, అసలు ఆట ఎలా నడపాలి అని అడిగారు.

నేను నల్లగొండ వైపు ప్రభుత్వ బడుల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ ఆటను చాలా ఏళ్లు ఆడించాను. బాగా చెడగొట్టాను కూడా. ముందు ఆ చెడగొట్టిన సంగతి చెబుతాను.

మొదటిసారి గ్రౌండ్‌లో ముగ్గుతో పెద్ద వృత్తం గీశాను. దాని మీద నాలుగు చోట్ల సముద్రం, మబ్బు, కొండ, నది అని అట్టముక్కల మీద రాసి పెట్టాను. ఈల వేస్తే సముద్రం నుంచి మబ్బుకు, మళ్లీ వేస్తే మబ్బు నుంచి కొండకు, కొండ నుంచి నదికి, నది నుంచి సముద్రానికి పరుగు. పిల్లలు బ్రహ్మాండంగా ఎంజాయ్ చేశారు, నేనూ చేశాను. వారం తర్వాత ఒకడు లేచి, "సార్, పోయినేడు వాన పడలేదు కదా, అప్పుడు చక్రం ఆగిపోయినట్టేనా?" అన్నాడు. ఇంకొకడు వాడికి జవాబు కూడా చెప్పాడు: "ఆగదురా, మన నీళ్లు సముద్రానికి పోయి వచ్చేదాకా ఆగాలి."

వాళ్ల తప్పేం లేదు. నేను నేర్పిందే చెప్పారు. నీరంతా ఒకే దారిలో, ఒకే వేగంతో, గానుగెద్దులా తిరుగుతుందని నా ముగ్గు వాళ్లకు నేర్పింది. చక్రం అన్న మాటే సగం మోసం చేస్తుంది, మిగతా సగం మన చార్టులోని బాణం గుర్తులు చేస్తాయి. నిజానికి నేల మీద పడిన చుక్క సముద్రం మొహం చూడకుండానే మళ్లీ ఆవిరైపోవచ్చు. వేప చెట్టు వేరులోకి వెళ్లి ఆకులోంచి గాలిలో కలవవచ్చు. బండ సందుల్లో దిగి వందల ఏళ్లు అక్కడే కూర్చోవచ్చు.

ఇక్కడ ఉపయోగపడే అంకెలు కొన్ని ఉన్నాయి. గాలిలోకి చేరిన ఆవిరి సగటున తొమ్మిది పది రోజులు మాత్రమే అక్కడ ఉంటుంది. నదిలో నీరు కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు. సముద్రంలోకి వెళ్లిన చుక్క తిరిగి పైకి లేవడానికి సగటున 3,000 ఏళ్ల పైమాటే. లోతైన భూగర్భ జలం వేల ఏళ్లు కదలకుండా ఉండగలదు. మన ఆటలో ఈ తేడా పిల్లల కాళ్లకు తెలియాలి. అంటే ఒకడు గ్రౌండంతా తిరుగుతుంటే ఇంకొకడు నిలబడిన చోటే నిలబడి విసుక్కోవాలి. మొత్తం ఆటలో నేను పట్టుబట్టేది ఈ ఒక్క విషయం దగ్గరే.

దీనికి పాచిక పనికిరాదని నా అభిప్రాయం. పాచికకు ఆరు ముఖాలూ సమానం, ఏ అంకె పడే అవకాశమైనా ఒకటే. మన అష్టాచెమ్మా అలా కాదు. నాలుగు చింతపిక్కల్ని ఒకవైపు బండకు రుద్ది తెల్లగా చేసి విసరండి. పిక్కలు సమంగా పడతాయనుకుంటే వాటికి 16 రకాలుగా పడే వీలుంది. వాటిలో రెండు తెల్లగా పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు. నాలుగూ తెల్లగా పడే చెమ్మ ఒక్కటే, నాలుగూ నల్లగా పడే అష్ట ఒక్కటే. (మీ ఊళ్లో అష్టనూ చెమ్మనూ తిరగేసి లెక్కిస్తారేమో, అలాగే లెక్కించుకోండి, ఆటకు నష్టం లేదు.) అంటే తరచుగా జరిగే పనికి రెండు, అరుదుగా జరిగే పనికి అష్టా చెమ్మా ఇస్తే సరిపోయింది. ప్రకృతి లెక్కకు గవ్వల లెక్క పాచిక కంటే దగ్గర. ఇంట్లో గవ్వలుంటే అవీ వాడొచ్చు గానీ 42 మందికి చింతపిక్కలే నయం, పైగా ఏ వంటింట్లో అయినా ఊరికే దొరుకుతాయి.

ఇక అడ్డాలు. నేను ఎనిమిది పెడతాను: సముద్రం, మబ్బు, వాగు, చెరువు, నేల, చెట్టు, భూగర్భం, పశువు. హిమానీనదం తీసేస్తాను. గంగకు, బ్రహ్మపుత్రకు, సింధుకు మంచు నీళ్లున్నాయి. కృష్ణకూ గోదావరికీ లేవు, అవి వాన మీద బతికే నదులు. మన పిల్లవాడికి మంచుగడ్డ అడ్డా పెట్టి చెరువు అడ్డా తీసేస్తే, వాడు రోజూ చూసే నీళ్లు ఆటలో లేనట్టే. హిమాలయాల సంగతి తర్వాత క్లాసులో చెప్పుకోవచ్చు, నోటిమాటగా.

నా దగ్గర వాగు అంటే మూసీ. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలోకి వెళ్తుంది. వాగు నుంచి సముద్రానికి నడిచే పిల్లలు దారిలో ఈ పేర్లు అరుస్తూ వెళ్లాలని రూల్ పెట్టాను. మీరు మీ ఊరి వాగు ఏ నదిలో కలుస్తుందో కనుక్కుని ఆ పేర్లు పెట్టండి.

ఒక్కో అడ్డా దగ్గర నాలుగు పిక్కలు, ఒక అట్ట. అట్ట మీద ఏ పందెం పడితే ఎక్కడికి పోవాలో ఉంటుంది. సముద్రం అట్ట ఇలా: చెమ్మ గానీ అష్ట గానీ పడితే మబ్బుకు, మిగతా ఏది పడినా అక్కడే. మబ్బు అట్ట: ఒకటి, రెండు పడితే సముద్రానికి, మూడు పడితే నేలకు, చెమ్మ పడితే చెరువుకు, అష్ట పడితే వాగుకు. మబ్బు దగ్గర "అక్కడే" అన్న మాటే ఉండదు, ముగ్గురు జతకూడి పందెం వేశాక కిందికి పోవాల్సిందే. సముద్రం మీంచి లేచిన ఆవిరిలో పదింట తొమ్మిది వంతులు తిరిగి సముద్రం మీదే కురుస్తాయి, నేల దాకా వచ్చేది ఒక్క వంతే. అందుకే మబ్బు నుంచి ఎక్కువ దారులు సముద్రానికే పెట్టాను. జూన్‌లో రుతుపవనాల కోసం మనం ఎదురుచూసేదంతా ఆ ఒక్క వంతు కోసమే.

నేల అట్ట: ఒకటి పడితే ఆవిరై మబ్బుకు, రెండు పడితే చెట్టుకు, మూడు పడితే పారి వాగుకు, అష్ట పడితే అక్కడే. చెమ్మ పడితే మాత్రం ఇంకి భూగర్భానికి. ఇది కావాలనే పెట్టాను. చెమ్మ పడితేనే భూమిలోకి చెమ్మ దిగుతుందని చెబితే పిల్లలు నవ్వుతారు, నవ్విన సంగతి మరిచిపోరు.

చెట్టు అట్ట: ఒకటి, రెండు, మూడు ఏది పడినా మబ్బుకు. వేరు పీల్చిన నీటిలో దాదాపు అంతా ఆకుల్లోంచి గాలిలోకే పోతుంది, చెట్టు తన ఒంటికి ఉంచుకునేది చాలా కొంచెం. భూగర్భం అట్ట సముద్రం లాంటిదే: అష్ట పడితే ఎవరో బోరు వేసి లాగినట్టు, పశువుకు పోవాలి. చెమ్మ పడితే ఊటగా వాగులోకి. లేకపోతే అక్కడే కూర్చోవాలి.

చెరువు, వాగు, పశువు అట్టలు మీరు రాయకండి, పిల్లలతో రాయించండి. చెరువులో నీళ్లు ఎన్ని దారుల్లో పోతాయిరా అంటే మావాళ్లు మత్తడి దూకడం, తూము, ఎండకు తగ్గడం, అడుగున ఇంకడం అన్నీ చెప్పారు. మత్తడి దూకడం అష్టకు ఇవ్వాలా రెండుకు ఇవ్వాలా అని వాదించుకుని, "మా చెరువు మత్తడి దూకి నాలుగేళ్లయింది" అని ఒకడు అనేసరికి అందరూ అష్టకు ఒప్పుకున్నారు. ఆ పదిహేను నిమిషాలు నాకు ఆట కంటే విలువైన పాఠం అనిపించింది. పశువు అట్ట దగ్గర మాత్రం కాస్త అల్లరి జరుగుతుంది. ఆవు ఒంట్లోంచి నీళ్లు ఎలా బయటికి పోతాయో చెప్పడానికి ఐదో తరగతి పిల్లలకు మించిన ఉత్సాహం ఎవరికీ ఉండదు. చెప్పనివ్వండి, అది కూడా జలచక్రమే.

మబ్బు దగ్గర ఒక చిన్న ఏర్పాటు. పైకి వెళ్లేటప్పుడు ఎవరికి వారు విడివిడిగా, చేతులు ఊపుకుంటూ వెళ్లాలి, ఆవిరి కదా. కిందికి మాత్రం ఒంటరిగా రాకూడదు. మబ్బు అడ్డాలో ఒక పిల్లవాడు చాక్‌పీసు పట్టుకుని నిలబడతాడు, వాడు గాలిలోని ధూళి కణం. ముగ్గురు వచ్చి వాణ్ణి తాకి చేతులు కలిపితేనే చినుకు తయారైనట్టు, ముగ్గురికీ కలిపి ఒకే పందెం. అసలైతే ఒక వాన చినుకులో మబ్బులోని సన్నటి తుంపరలు పది లక్షల దాకా ఉంటాయి. మన దగ్గర ముగ్గురితో సరిపెట్టుకుందాం.

ఈ ఆటకు నేను తర్వాత కలిపింది రిబ్బన్లు. పాత చీర అంచులు చింపితే చాలు. సముద్రంలో ఉన్న ప్రతి ఒక్కరి చేతికీ తెల్ల పీలిక, అది ఉప్పు. మబ్బుకు పోవాలంటే పీలిక విప్పి సముద్రంలో పడేసి పోవాలి. ఒకసారి ఒకడు విప్పడం మరిచి మబ్బు దాకా వెళ్తే, అక్కడున్న పిల్లలు "ఉప్పు వాన పడుద్దిరా, పో పో" అని తరిమేశారు. నేను నోరు తెరవాల్సిన పని లేకపోయింది.

భూగర్భంలోకి దిగినవాళ్లకు ఎర్ర పీలిక. మా నల్లగొండలో ఇది చెప్పకుండా నీటి పాఠం పూర్తికాదు. అక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. నీరు రాళ్ల మధ్య ఎక్కువ కాలం ఆగితే ఆ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల పళ్లు, ఎముకలు ఏమయ్యాయో మా పిల్లలకు చార్టు అక్కర్లేదు, ఇళ్లలోనే చూశారు. బోరు ద్వారా పైకొచ్చిన చుక్క ఎర్ర పీలికతోనే పశువు అడ్డాకు వస్తుంది. ఆవిరైతే పీలిక నేల మీదే రాలిపోతుంది. ఎక్కువసేపు ఆగినందుకు నీటికి ఏమవుతుందో ఇంతకంటే తేలిగ్గా నాకు చెప్పడం రాలేదు. మీ ప్రాంతంలో ఫ్లోరైడ్ లేకపోతే ఎర్ర పీలిక వదిలేయండి, లేని భయం పెట్టొద్దు.

ప్రతి పిల్లవాడి దగ్గరా ఒక కాగితం ముక్క, పెన్సిల్ ఉండాలి. ఒక్కో పందెం తర్వాత తానున్న అడ్డా మొదటి అక్షరం రాసుకోవాలి. నేను మొదట చెరువుకూ చెట్టుకూ రెండింటికీ "చె" పెట్టి నాలుక కరుచుకున్నాను. చెట్టుకు "ఆ" పెట్టండి, ఆకు అని. పది పందేలకు ఆట ఆపండి. 42 మందికి ఇది ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ఈల మీ చేతిలో ఉంటే. ఈల వేసినప్పుడే అందరూ కదలాలి, లేకపోతే మబ్బు దగ్గర తోపులాట.

అడ్డాల జాగా గురించి ఒక్కమాట. మబ్బు పైన ఉంటుంది కదా అని దాన్ని వరండా మెట్ల మీద పెట్టాను ఒక ఏడాది. వానై దిగుతూ ముగ్గురు చేతులు పట్టుకుని ఒకరి మీద ఒకరు పడ్డారు, ఒక పాపకు మోకాళ్లు రెండూ చీరుకుపోయాయి. అప్పటినుంచి మబ్బు కూడా నేల మీదే, చెట్టు నీడలో. సముద్రం కూడా నీడలోనే పెట్టండి, అక్కడ ఎక్కువమంది ఎక్కువసేపు నిలబడతారు. ఒంటిపూట బడుల రోజుల్లో ఈ ఆట వద్దే వద్దు.

మొదటిసారి ఆడేటప్పుడు సముద్రం రూల్ కాస్త వదులు చేయండి. మూడు పడినా మబ్బుకు పోవచ్చు అనండి, ఆట ఊపందుకుంటుంది. మరుసటి రోజు, లేదా వారం తర్వాత, అసలు రూల్‌తో ఆడించండి. అప్పుడే అసలు గొడవ మొదలవుతుంది.

నేను అసలు రూల్ పెట్టిన తొలి ఏడాది ఆట అయ్యాక అందరూ నేల మీద కూర్చుని తమ కాగితాలు చదువుతున్నారు. "మ, నే, ఆ, మ, స, స..." అని ఒకరు, "నే, వా, చె, చె, మ..." అని ఇంకొకరు. వెనక ఒక పాప కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. ఏమైందంటే కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "నాకు ఆటే రాలేదు సార్" అంది. విప్పి చూస్తే పది "స"లు, వరుసగా. పదోది పెన్సిల్‌తో గట్టిగా నొక్కి రాసింది, కాగితం చిరిగేంతగా.

ఆ కాగితం బోర్డు మీద అంటించి, ఇందరిలో నిజమైన నీటి చుక్క ఎవరు అని అడిగాను. చాలా తిరిగినవాళ్లంతా చేతులెత్తారు. అప్పుడు లెక్క వేశాం. సముద్రం నుంచి లేవడానికి ప్రతి పందేనికీ ఎనిమిదింట ఒక్క అవకాశం. అలా పది పందేలు వేస్తే సముద్రంలో మొదలైన ప్రతి నలుగురిలో సుమారు ఒకరు అక్కడే ఉండిపోతారు. ఒక్కో పందేన్ని పది రోజులనుకుంటే ఆట మొత్తం మూడు నెలల పైచిలుకు, సముద్రం చుక్క ఆగాల్సింది 3,000 ఏళ్లు. మరి ఎవరు సరిగ్గా ఆడినట్టు? పాప ముక్కు తుడుచుకుని, "అయితే వీళ్లంతా తొందరపడ్డారు సార్" అంది.

ఆట తర్వాతి పీరియడ్‌కు రెండు వస్తువులు పట్టుకెళ్లండి. ఒకటి లీటరు నీళ్ల బాటిల్. భూమ్మీది నీరంతా ఇదే అనుకుంటే 975 మిల్లీలీటర్లు ఉప్పు నీరు. మిగిలిన 25లో 17 దాకా మంచు, ఏడున్నర దాకా భూగర్భ జలం. నదులు, మంచినీటి సరస్సులు అన్నీ కలిపి ఒకటి రెండు చుక్కలు. ఆ చుక్కల్ని అరచేతిలో వేసి క్లాసంతా తిప్పండి, చివరి బెంచీకి చేరేలోపు ఆరిపోతాయి. ఎటు పోయాయని వాళ్లే అడుగుతారు.

రెండోది ఇడ్లీ పాత్ర, లేదా టీ కాచే గిన్నె. మన భాషలో ఒక చిక్కుంది. పొగలు కక్కే చాయ్ అంటాం, ఆ తెల్లటిదాన్నే ఆవిరి అనీ అంటాం. అది పొగా కాదు, ఆవిరీ కాదు. నీటి ఆవిరి కంటికి కనిపించదు. తెల్లగా కనిపించేవి చల్లబడి మళ్లీ నీరైన సన్నటి తుంపరలు, అంటే చిన్న మబ్బే. కెటిల్ ముక్కుకూ తెల్లదనానికీ మధ్య ఖాళీగా కనిపించే కాస్త జాగా ఉంటుంది, అసలు ఆవిరి అక్కడుంది. మబ్బు అంటే ఆవిరి అని పిల్లలు రాస్తే (పెద్దవాళ్లూ రాస్తారు) దీన్ని చూపించండి. వేడి దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి, గిన్నె మీరే పట్టుకోండి. బాష్పోత్సేకం లాంటి పెద్ద మాటలు అన్నీ ఈ పీరియడ్‌లోనే, అంతకుముందు ఒక్కటి కూడా వద్దు. ఆకు నుంచి మబ్బుకు పరిగెత్తినవాడికి ఆ పేరు చెబితే తన పనికి ఒక పేరుందని సంతోషపడతాడు.

గోల ఎక్కువవుతుందని హెడ్‌మాస్టర్ అంటారేమో అని మీకు టెన్షన్ ఉన్నట్టుంది. చివరి పీరియడ్ అడిగి తీసుకోండి, వీలైతే ఆయనకే చాక్‌పీసు ఇచ్చి ధూళి కణంగా నిలబెట్టండి. నేను ఇలా ఒకాయన్ని నిలబెట్టాను, తర్వాత ఆయనే రెండుసార్లు ఆడించమన్నారు.

పరీక్ష పెట్టదలిస్తే ప్రశ్నలు వద్దు. ఎవరి కాగితం చూసుకుని వాళ్లు తమ చుక్క కథ రాయమనండి. ఏ భాషలో రాసినా దిద్దకండి. మా అబ్బాయి ఒకడు రాసింది నా దగ్గర ఇంకా ఉంది: "ముగ్గురం చేతులు పట్టుకున్నం. మా తాత పొలంల పడుదమనుకున్న. రెండు పడ్డది. సముద్రంల పడ్డ. తాతకు ఏం జెప్పాలె."

చింతపిక్కలు రెండు రోజుల ముందే పిల్లలకు పంచండి, రుద్దడానికి టైం పడుతుంది. రుద్దాక ఒక్కో జట్టు నాలుగు పిక్కల్ని యాభై సార్లు విసిరి ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టుకోవాలి. కొన్ని పిక్కలు ఒకవైపే ఎక్కువ పడతాయి, వాటిని పక్కన పెట్టి వేరేవి రుద్దించండి. జట్టుకు నాలుగు కావాలంటే ఆరు ఇవ్వండి, రెండు ఎలాగూ పోతాయి.